అరుపులు తగ్గాలంటే ఇల్లు ఎలా సర్దుకోవాలి: చిన్న పిల్లలున్నవాళ్లకు ఒక పద్ధతి

చెప్పులు వేసుకో, సంచి తెచ్చుకో, త్వరగా కానీ, మళ్లీ ఆ బొమ్మ పట్టుకున్నావా... చిన్న పిల్లలున్న ఇంట్లో పెద్దవాళ్లు రోజంతా మాట్లాడే మాటల్లో చాలావరకు ఇలాంటివే. గొంతంతా వీటికే అరిగిపోతే పిల్లలతో కబుర్లు చెప్పే ఓపిక ఇంకెక్కడ మిగులుతుంది? ఇల్లు సర్దుకోవడం అంటే అద్దంలా మెరిపించడం అనుకుంటారు చాలామంది. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు దాని అసలు ఉపయోగం వేరు. మీరు నోటితో చెప్పాల్సిన మాటను వస్తువు ఉన్న చోటు, పని జరిగే వరస చెప్పేస్తాయి. కొక్కెం అందే ఎత్తులో ఉంటే "సంచి తగిలించు" అని పదిసార్లు అనక్కర్లేదు. అలా మిగిలిన మాటల్ని కబుర్లకు వాడుకోవచ్చు.

ఇందులో ఉన్నవి ఏడాదిన్నర నుంచి ఏడేళ్ల దాకా వయసున్న పిల్లల కోసం. అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఒక మార్పు కుదురుకోవడానికి రెండు మూడు వారాలైనా పడుతుంది. అది కుదిరాకే రెండోది.

ముందు చిక్కు ఎక్కడుందో చూసుకోండి

ఒక కాగితం గోడకు అంటించి, మూడు రోజులపాటు గొంతు పెరిగిన ప్రతిసారీ రెండే విషయాలు రాయండి: టైము, ఆ నిమిషంలో జరగాల్సిన పని. "పొద్దున 7.40, బూట్లు." "రాత్రి 8.50, పళ్లు తోమడం." అంతే. ఎవరి తప్పో రాయడం మొదలుపెడితే మూడో రోజుకి ఆ కాగితమే ఇంకో గొడవవుతుంది.

మూడు రోజుల తర్వాత చూస్తే అవే రెండు మూడు పనులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఎక్కువ ఇళ్లలో అవి ఇవీ: బయటికి బయల్దేరడం, ఆట ఆపి భోజనానికి రావడం, పడుకోవడం. మూడూ ఒక పనిలోంచి ఇంకో పనిలోకి మారే వేళలే. చేస్తున్నది ఆపి వేరే పనికి మళ్లడం మెదడు ముందు భాగం చూసుకునే పని, ఆ భాగం పూర్తిగా పక్వానికి రావడానికి ఇరవై ఏళ్లు దాటాలి. మూడేళ్ల పిల్ల "రాను" అని మొండికేస్తే దాన్ని పొగరు లెక్కలో వేయకండి. మీ కాగితంలో ఏ పని ఎక్కువసార్లు కనిపించిందో దాంతోనే మొదలుపెట్టండి. కింద చెప్పిన వరసలోనే వెళ్లాలని లేదు.

గుమ్మం దగ్గర చోటు

దీనికి ఒక సెలవు పూట చాలు. ఫలితం మర్నాడే కనిపిస్తుంది కాబట్టి, ఎక్కడ మొదలుపెట్టాలో తేలకపోతే ఇక్కడ మొదలుపెట్టండి.

ఇంటికి రాగానే పిల్లలు సంచి ఎక్కడ పడేస్తున్నారో రెండు రోజులు గమనించండి. కొక్కెం అక్కడే పెట్టాలి. అందంగా ఉంటుందని ఇంకో గదిలో పెడితే దానికి తగిలించడం కూడా మీకే ఒక పనవుతుంది. ఎత్తు పిల్లల భుజం దగ్గర ఉండాలి. మూడేళ్లవాళ్లు సుమారు 95 సెం.మీ. పొడవుంటారు, కాబట్టి నేల నుంచి 70–75 సెం.మీ. సరిపోతుంది. ఆ ఎత్తు ఇంట్లో నడక నేర్చిన ఇంకో చిన్నవాడి కళ్లకు సరిగ్గా తగులుతుంది, అందుకని మొన ఉన్న ఇనప కొక్కేలు వద్దు. గుండ్రంగా, లావుగా ఉండే చెక్కవి తీసుకోండి. ఒక్కొక్కరికి రెండు కావాలి, సంచికొకటి, బట్టలకొకటి. కొక్కెం పైన పేరుకి బదులు వాళ్ల ఫోటో అంటించండి.

చెప్పులకు మూత లేని పెట్టె ఒకటి పెట్టి, ఒక్కొక్కరివి రోజూ వేసుకునే ఒక్క జతే అందులో ఉంచండి. మిగతా జతలు వేరే చోట. నాలుగు జతలు కుప్పగా ఉంటే పిల్లలు వెతకడంలోనే అలిసిపోతారు. పక్కన 20–25 సెం.మీ. ఎత్తున్న చిన్న పీట వేయండి. నిలబడి ఒంటికాలి మీద చెప్పు తొడుక్కోవడం చిన్నవాళ్లకు కష్టం. కుడి ఎడమలు తారుమారవుతుంటే ఒక బొమ్మ స్టిక్కర్ని మధ్యకు కత్తిరించి, ఎడమ సగం ఎడమ చెప్పు లోపల, కుడి సగం కుడి చెప్పు లోపల అంటించండి. రెండూ పక్కపక్కన పెడితే బొమ్మ పూర్తవ్వాలి. ఈ ఒక్క కిటుకు మీద రోజుకి రెండు నిమిషాలు మిగులుతాయి.

అదే చోట పెద్దవాళ్లకు అందే ఎత్తులో తాళాలు, పర్సు పెట్టుకునే గిన్నె ఒకటి, బడి నుంచి వచ్చే కాగితాలకు ఒక పళ్లెం. కాగితం సంచిలోంచి నేరుగా పళ్లెంలోకి రావాలి. సంతకం పెట్టాల్సింది ఆ రాత్రే పెట్టేసి తిరిగి సంచిలో వేయాలి. రేపు చూద్దాం అన్న కాగితం కనపడకుండా పోతుంది.

ఈ ఏర్పాటు చెడిపోయేది రెండు కారణాల వల్ల. ఒకటి, మూతలు. మూత, తలుపు, సొరుగు, ఒక్కోటీ పిల్లలకు ఒక్కో అడ్డంకి. రెండు అడ్డంకులు దాటాలంటే వస్తువు నేల మీదే ఉండిపోతుంది. రెండోది, నిండిపోవడం. కొక్కెం మీద మూడు వస్తువులు వేలాడుతుంటే నాలుగోది కింద పడుతుంది, ఆ పూట నుంచి ఎవరూ తగిలించరు. వారానికోసారి అక్కడ ఉండకూడనివన్నీ తీసేయండి. ఎత్తయిన అరలు, సొరుగుల బల్లలు కొత్తగా పెడితే వాటిని తప్పనిసరిగా గోడకు బిగించండి. పిల్లలు సొరుగుల్నే మెట్లుగా చేసుకుని ఎక్కుతారు, బరువంతా ముందుకు వచ్చి బల్ల మీద పడుతుంది.

బొమ్మలు: తగ్గిస్తేనే ఆడతారు

అన్ని బొమ్మలనూ నడిగదిలోకి తెచ్చి కుప్ప పోయండి, పిల్లలు నిద్రపోయాక. వాళ్ల ముందు చేస్తే ఏడాదిగా ముట్టుకోనిది కూడా ఉన్నట్టుండి ప్రాణప్రదమవుతుంది.

విరిగినవి, సగం ముక్కలు పోయినవి పక్కకు తీయండి. ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లలుంటే 4 సెం.మీ. వెడల్పున్న గొట్టంలోంచి దూరే ప్రతి ముక్కనూ తీసేయాలి, అవి గొంతుకు అడ్డం పడే సైజు. గుండీల్లా ఉండే చిన్న బ్యాటరీల సంగతి విడిగా చెప్పుకోవాలి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. వాటిని వేసుకునే బొమ్మలకు మూత స్క్రూతో బిగించి లేకపోతే ఇంట్లో ఉంచకండి. రిమోట్‌లు, పాటలు పాడే గ్రీటింగ్ కార్డులు కూడా ఒకసారి చూడండి. మింగారని అనుమానం వచ్చినా ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మిగిలినవి మూడు భాగాలు చేయండి. ఒక్కో భాగంలో కట్టుకునే బొమ్మలు ఒక రకం, నటించి ఆడుకునేవి ఒక రకం, గీసుకునేవి, విప్పి కలిపేవి, పుస్తకాలు, ఇలా కలగలిపి ఉండాలి. ఒక భాగం అందే ఎత్తులోని అర మీద, మిగతా రెండూ అటక మీద. రెండు వారాలకోసారి మార్చండి. పక్కలో పెట్టుకుని పడుకునే బొమ్మ మాత్రం ఈ లెక్కలోకి రాదు, దాన్ని ఎప్పుడూ దాచకండి. అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల పిల్లలకు ఒకసారి 16 బొమ్మలు, ఇంకోసారి 4 ఇచ్చి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు.

పెద్ద పెట్టె కొనకండి. అడుగున ఉన్నది కావాలంటే మొత్తం కుమ్మరించడం తప్ప వాళ్లకు వేరే దారి లేదు. 15 సెం.మీ. లోతుండే మూతలేని డబ్బాలు, ఒక్కో రకానికి ఒకటి, ముందువైపు లోపలున్న వస్తువు ఫోటో. కట్టడం సగంలో ఉన్నవి పెట్టుకోవడానికి ఒక పళ్లెం ఇవ్వండి. అరగంట కష్టపడి కట్టిన కోటను "సర్దే టైమైంది" అని విప్పేయమంటే ఏ వయసువాళ్లకైనా కోపం వస్తుంది.

సర్దడం రోజుకి రెండుసార్లు, మధ్యాహ్నం భోజనం ముందు, రాత్రి స్నానం ముందు, ఐదేసి నిమిషాలు. "గది సర్దు" అంటే నాలుగేళ్లవాళ్లకు అర్థం కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. "కార్లన్నీ ఈ డబ్బాలో వెయ్, నేను పుస్తకాలు పెడతా" అనండి. మీరు కూడా కింద కూర్చోవాలి. నిలబడి చెయ్యి చూపించి చెబితే మూడు కార్ల తర్వాత మళ్లీ ఆట మొదలవుతుంది.

రాత్రి: వెనక నుంచి లెక్కేసుకోండి

పొద్దున హడావిడికి మందు చాలావరకు ముందురోజు రాత్రిలోనే ఉంది. నిద్ర చాలని పిల్లలు పెద్దవాళ్లలా డీలా పడరు, ఇంకా ఎగురుతారు, చిన్నదానికీ ఏడుస్తారు. దాన్ని చూసి "వీడికి నిద్రే రావట్లేదు" అనుకోవడం మామూలు పొరపాటు.

24 గంటల్లో, పగటి నిద్రతో కలిపి, కావాల్సింది: ఏడాది నుంచి రెండేళ్ల వయసులో 11–14 గంటలు, మూడు నుంచి ఐదేళ్లలో 10–13, ఆరు నుంచి పన్నెండేళ్లలో 9–12. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో ఇచ్చిన లెక్క ఇది. పగలు నిద్రపోని నాలుగేళ్ల బిడ్డ పొద్దున 6.30కి లేవాలంటే, 11 గంటలు వెనక్కి లెక్కేస్తే 7.30కి నిద్రలో ఉండాలి. నిద్ర పట్టడానికి 15–20 నిమిషాలు, అంతకుముందు తయారీకి 40 నిమిషాలు. అంటే 6.30కి మొదలు. "అమ్మో, అప్పుడా!" అనిపిస్తుంది. మీ పని వేళలకు కుదరకపోతే లేచే టైము జరపగలరేమో చూడండి. రెండూ కుదరకపోతే పగటి నిద్ర ఉంచండి. నిద్ర గంటలు మాత్రం కోయకండి.

వరస ఇలా ఉంటే బాగుంటుంది:

1. గంట ముందు పెద్ద లైట్లు ఆపి చిన్నవి వేయండి, టీవీ, ఫోన్ పక్కన పెట్టండి. వెలుతురు నిద్రకు కావాల్సిన మెలటోనిన్ ఊరకుండా ఆపుతుంది, చిన్న పిల్లల్లో ఇంకా ఎక్కువగా.
2. గోరువెచ్చని నీళ్లతో స్నానం, 10 నిమిషాలు. స్నానం తర్వాత ఒళ్లు కొంచెం చల్లబడుతుంది, అది నిద్ర తెస్తుంది.
3. రాత్రి బట్టలు, పళ్లు తోమడం, రెండు నిమిషాలు. ఫ్లోరైడ్ పేస్టు మూడేళ్ల లోపువాళ్లకు బియ్యపుగింజంత, మూడు నుంచి ఆరేళ్లవాళ్లకు బఠాణీగింజంత. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా చివర్లో ఒకసారి మీరే తోమాలి, వెనక పళ్లు వాళ్లకు అందవు.
4. పాయఖానా. ఇక్కడే గుక్కెడు నీళ్లు కూడా.
5. పక్క మీద రెండు పుస్తకాలు. "ఎన్ని?" అన్న బేరం ముందే తేలిపోవాలి: రెండు.
6. లైటు ఆపి రెండు నిమిషాలు పక్కన. ఆ రోజు కబుర్లలో అసలైనవి ఈ చీకట్లోనే బయటికొస్తాయి. ముఖాలు కనపడకపోవడం వాళ్లకు ధైర్యం. అందుకే ఈ రెండు నిమిషాలను ఫోన్ పట్టుకుని గడపకండి.

వరస రోజూ ఒకటే అయితే ఎవరు పడుకోబెట్టినా పని నడుస్తుంది. అమ్మ ఒక వరస, నాన్న ఇంకో వరస అయితే నడవదు. పెద్దవాళ్లు ఆలస్యంగా వచ్చే ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. పక్కెక్కే వేళకు వచ్చి, ప్రేమ కొద్దీ గాల్లోకి ఎగరేసి ఆడిస్తారు. ఆ తర్వాత గంట నిద్ర రాదు. వచ్చినవాళ్లకు ఐదో మెట్టు, అంటే పుస్తకాలు అప్పగించండి. ఎగరేసే ఆట పొద్దునకో సెలవు రోజుకో.

పడుకోబెట్టాక "నీళ్లు", "భయం", "ఇంకో ముద్దు" అంటూ నాలుగేళ్లు దాటినవాళ్లు పదే పదే లేస్తుంటే ఒక అట్టముక్క ఇవ్వండి. అది రాత్రికి ఒక టికెట్టు. దాంతో ఒక్కసారి లేవచ్చు, ఏదైనా అడగొచ్చు, టికెట్టు మీ చేతిలో పెట్టాలి. ఆ తర్వాత లేస్తే మాట లేకుండా చెయ్యి పట్టుకుని పక్క దాకా తీసుకెళ్లడమే. మొదటి రెండు రాత్రులు పరీక్షిస్తారు. మూడో రాత్రి నుంచి చాలామంది టికెట్టు దాచుకోవడంలో పడతారు.

ఇప్పటికంటే తొందరగా పడుకోబెట్టాలంటే టైముని ఒక్కసారిగా గంట జరపకండి. రెండు మూడు రోజులకోసారి 15 నిమిషాలు. సెలవు రోజుల్లో తేడా గంట దాటితే వారం మొదట్లో మళ్లీ మొదటికొస్తుంది.

పొద్దున

రాత్రి వాళ్లు పడుకున్నాక 15 నిమిషాల పని: సంచి కొక్కేనికి, బట్టలు లోదుస్తులతో సహా ఒక చోట, నీళ్ల సీసా కడిగి బోర్లించి, రేపు ఏమైనా ప్రత్యేకం ఉందేమో క్యాలెండర్ మీద ఒక చూపు. బట్టల విషయంలో రెండు జతలు చూపించి ఒకటి ఎంచుకోమనండి, అదీ రాత్రే. పొద్దున బీరువా తలుపు తీసి "ఏది కావాలి" అంటే అరగంట పోతుంది.

గోడకు ఐదారు కార్డులు వరసగా అంటించండి: పాయఖానా, పళ్లు, బట్టలు, టిఫిన్, చెప్పులు. మీ బిడ్డే ఆ పని చేస్తున్న ఫోటోలైతే మంచిది. ఒక్కో పని అయ్యాక కార్డు తిప్పడం, లేదా క్లిప్పు కిందికి జరపడం. ఆ తర్వాత మీ మాట మారాలి. "బట్టలేసుకో" బదులు "కార్డు ఏమంటోంది?" ఆజ్ఞ మీది కాకుండా గోడది అయినప్పుడు ఎదురు తిరగడం సగం తగ్గుతుంది. ఎనిమిది కంటే ఎక్కువ కార్డులు పెడితే ఎవరూ చూడరు. కొత్తదనం పోయి నెల తర్వాత పట్టించుకోకపోతే పర్లేదు, అప్పటికి వరస అలవాటై ఉంటుంది.

ఇష్టమైనది ఇష్టం లేనిదాని తర్వాత రావాలి. బట్టలేసుకున్నాకే బొమ్మలు. పొద్దున టీవీ పెట్టకండి, ఆపేటప్పుడు అయ్యే గొడవ మిగిలించిన టైము కంటే పెద్దది. బయల్దేరే టైముకి పది నిమిషాలు ముందే అన్నీ అయిపోయేలా చూసుకోండి. ఆ పది నిమిషాలూ బట్టల మీద ఏదో ఒలకడానికి. ఒలకని రోజున మెట్ల మీద చీమల్ని చూస్తూ వెళ్లడానికి.

ఇంట్లో అందరికంటే 20 నిమిషాలు ముందు పెద్దవాళ్లలో ఒకరైనా లేవాలి. అదే పెద్దమనిషి రోజూ కాదు, వంతులు.

చెప్పే పద్ధతి

ఎంత సర్దినా కొన్ని మాటలు చెప్పక తప్పదు. వంటింట్లోంచి కేకేస్తే అది పిల్లల చెవికి వానచప్పుడుతో సమానం. దగ్గరికి వెళ్లండి, మోకాళ్ల మీద కూర్చోండి, భుజం మీద చెయ్యి వేయండి, పేరు పెట్టి పిలవండి, వాళ్లు మీ వైపు చూశాక ఒకే పని చెప్పండి. "పరిగెత్తకు" అంటే ఏం చేయకూడదో తెలుస్తుంది కానీ ఏం చేయాలో తెలీదు. "నా చెయ్యి పట్టుకుని నడువు" అనండి. చెప్పాక మనసులో ఐదు లెక్కపెట్టండి, మాట్లాడకుండా. చాలాసార్లు మూడు దగ్గరే మనం మళ్లీ మొదలుపెడతాం, దాంతో వాళ్ల లోపల మొదలైన పని చెదిరిపోతుంది.

"వెళ్దామా?" అని అడగకండి, నిజంగా వద్దనే హక్కు వాళ్లకు ఉంటే తప్ప. అడిగితే "వద్దు" వస్తుంది, ఆ తర్వాత దాన్ని మీరే కొట్టిపారేయాల్సి వస్తుంది.

"ఐదు నిమిషాల్లో" అన్న మాట ఐదారేళ్ల లోపువాళ్లకు గాల్లో మాట. కనపడే కొలత ఇవ్వండి: ఇసుక గడియారం, లేదా "ఇంకో మూడుసార్లు జారి రా, తర్వాత చెప్పులు". మూడుసార్లయ్యాక నాలుగోది ఇవ్వకండి. ఒక్కసారి ఇస్తే మూడు అన్న సంఖ్యకు విలువ పోతుంది.

ఇంత చేసినా ఏడుపు, దొర్లడం ఉంటాయి. ఆ సమయంలో పాఠం చెప్పకండి, వినే స్థితిలో ఉండరు. కొట్టుకోకుండా, పగలగొట్టకుండా చూస్తూ దగ్గరలో కూర్చోండి. "నీకు ఇంకా ఆడాలనుంది, కోపం వచ్చింది" అని ఒక్కసారి అని ఊరుకోండి. తగ్గాక చెప్పిన పని మాత్రం జరగాలి. ఏడుపుతో పని తప్పిపోతే రేపు ఇంకా గట్టిగా ఏడుస్తారు.

రోజూ పది నిమిషాలు, వాళ్ల చేతికి పగ్గాలు

ఇల్లు సర్దడంలో మిగిలిన సమయంలో ముందుగా దీనికి కేటాయించండి. ఏం లేకపోయినా ఇది ఉండాలని మా అభిప్రాయం.

ఒక్కో బిడ్డతో విడిగా, ఒకే పెద్దమనిషి, పది నిమిషాలు. కుదరకపోతే ఐదు. తల్లిదండ్రుల్నీ పిల్లల్నీ కలిపి చేసే పీసీఐటీ అనే చికిత్సను 1970లలో షీలా ఐబర్గ్ అనే మనస్తత్వవేత్త రూపొందించారు. అందులో ఇంటి పనిగా ఇచ్చేది రోజుకి ఐదు నిమిషాలే. సమయం కంటే అది నడిచే తీరు ముఖ్యం.

- ఏం ఆడాలో బిడ్డే చెబుతుంది. మీ పని వెంట నడవడం.
- ప్రశ్నలు వద్దు. "ఇదేం రంగు?" అంటే ఆట కాస్తా పరీక్ష అవుతుంది.
- ఆజ్ఞలు వద్దు, తప్పులు దిద్దడం వద్దు. చెట్టుకి ఊదారంగు వేస్తే వేయనివ్వండి.
- చూసింది చెప్పండి: "ఎర్రదాని మీద నీలం పెట్టావు. ఇప్పుడు నీ మోకాలంత ఎత్తయింది." క్రికెట్ కామెంటరీలా, కానీ మెల్లగా.
- వాళ్లన్న మాటను తిరిగి అనండి. "ఇది డైనోసార్ ఇల్లు" అంటే "ఓహో, డైనోసార్ ఇల్లా ఇది".
- మెచ్చుకోలు ఫలానా దాని మీద ఉండాలి. "శభాష్" కంటే "పడిపోయినా మళ్లీ కట్టావు చూడు".

మొదటి వారం ఇబ్బందిగా ఉంటుంది, పెద్దవాళ్లకు. ప్రశ్న అడగకుండా రెండు నిమిషాలు ఉండటం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. టైమర్ పెట్టుకోండి, మోగాక "మన టైము అయిపోయింది, రేపు మళ్లీ" అని లేవండి. ఆ రోజు అల్లరి చేశారని ఈ పది నిమిషాలు కోయకండి. శిక్షగా తీసేసే వస్తువు అయితే దీని బలం పోతుంది, అసలు అల్లరి చేసిన రోజునే వాళ్లకిది ఎక్కువ అవసరం. ఇద్దరు పిల్లలుంటే పెద్దవాళ్లతో ఆడే వేళ చిన్నవాళ్ల నిద్రవేళ అయ్యేలా చూసుకోండి. ఇద్దరితో కలిపి ఆడితే అది వేరే ఆట, మంచిదే, కానీ లెక్కలోకి రాదు.

భోజనం, ఫోన్

భోజనం గురించి క్లుప్తంగా. ఏం పెట్టాలో, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దవాళ్ల నిర్ణయం. తినాలా, ఎంత తినాలా అన్నది బిడ్డ నిర్ణయం. ఎలిన్ శాటర్ అనే పోషకాహార నిపుణురాలు చెప్పిన పంపకం ఇది, చాలా ఇళ్లలో యుద్ధాలు ఆపింది. కొత్త పదార్థం ఒప్పుకోవడానికి 8 నుంచి 15 సార్లు పళ్లెంలో కనపడాల్సి రావచ్చు, రెండోసారికే "వీడికి నచ్చదు" అని ముద్ర వేయకండి. ఒక చెంచాడు పెట్టి ఊరుకోండి. రోజుకి ఒక పూటైనా అందరూ కూర్చుని, పావుగంట, తెర లేకుండా తినాలి. "బళ్లో ఏం చేశావు?" అంటే "ఏం లేదు" వస్తుంది. ముందు మీ రోజులో జరిగిన ఒక వింత చెప్పండి, వాళ్లూ మొదలుపెడతారు.

తెరల సంగతికొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది ఇది: రెండేళ్లు నిండేదాకా వద్దు, రెండు నుంచి నాలుగేళ్లలో రోజుకి గంటకు మించకూడదు. అదే మార్గదర్శకాల్లో ఏడాది నుంచి నాలుగేళ్లవాళ్లు రోజు మొత్తంలో 180 నిమిషాలైనా ఒళ్లు కదిలించాలని ఉంది. దీన్ని చాలామంది పట్టించుకోరు. సాయంత్రం ఒళ్లు అలవకపోతే రాత్రి ఏడింటికి మంచం మీద గెంతుతారు. పెద్దవాళ్ల ఫోన్లకు కూడా గుమ్మం దగ్గర గిన్నె ఉంది కదా, ఇంటికొచ్చిన మొదటి అరగంట అందులోనే ఉండనివ్వండి.

పెద్దవాళ్ల మధ్య: వారానికి 20 నిమిషాలు

పిల్లలు పడుకున్నాక, ఒకే రోజు, ఒకే వేళ. క్యాలెండర్ ముందు పెట్టుకుని వచ్చే ఏడు రోజులు చూడండి: ఎవరు ఎప్పుడు ఆలస్యం, ఎవరు దింపాలి, ఎవరు తేవాలి, టీకాలు, పుట్టినరోజులు, చిన్నవైపోయిన బట్టలు. మనిషికో రంగు పెన్ను. ఫోన్లో ఉన్నా సరే, గోడ మీద కూడా ఒకటి ఉంచండి. నాలుగేళ్లవాళ్లు కూడా బొమ్మ గుర్తులు చూసి రేపు ఏముందో తెలుసుకుంటారు. ఇంట్లో తాతయ్యలు, అమ్మమ్మలు, సాయం చేసే ఇంకెవరున్నా వాళ్లకూ తెలుస్తుంది.

పనులు పంచుకునేటప్పుడు సగం పని ఇవ్వకండి. "నువ్వు చెప్పు, నేను చేస్తా" అన్నచోట గుర్తుపెట్టుకునే బరువు ఒకరి నెత్తినే ఉంటుంది. టీకాలు ఒకరివైతే తేదీ గుర్తుపెట్టుకోవడం, అపాయింట్‌మెంట్, తీసుకెళ్లడం, కాగితం దాచడం మొత్తం వాళ్లవే. ఇచ్చాక రెండోవాళ్లు వంకలు పెట్టకూడదు. జడ కొంచెం వంకరగా ఉంటే ఉంటుంది.

పిల్లలకూ పనులివ్వండి. రెండేళ్లవాళ్లు విడిచిన బట్టలు బుట్టలో వేస్తారు, మూడేళ్లవాళ్లు మేజోళ్లకు జత వెతుకుతారు, నాలుగైదేళ్లవాళ్లు చెంచాలు, పళ్లేలు పెడతారు, ఆరేళ్లవాళ్లు తువ్వాళ్లు మడిచి తమ సంచి తామే సర్దుకుంటారు. మొదట్లో మీరు చేసేదానికి రెండింతలు టైము పడుతుంది. వాళ్లు మడిచిన తువ్వాలు వాళ్ల ముందే విప్పి మళ్లీ మడవకండి, మర్నాటి నుంచి ఆ పనికి రారు.

చెడిపోయినప్పుడు

జ్వరాలు, ప్రయాణాలు, ఇంట్లో కొత్త బిడ్డ: వరస చెదురుతుంది. అప్పుడు అన్నిటినీ పట్టుకుని వేలాడకండి. రెండు ఉంచండి: పడుకునే ముందు పుస్తకం, ఐదు నిమిషాల ఆట. పెద్ద పిల్లలకు ఇల్లు ఇంకా తమదే అని తెలియడానికి ఆ రెండూ చాలు. కార్డులు, డబ్బాలు నెల ఆగినా పాడైపోవు.

తిరిగి మొదలుపెట్టేటప్పుడు మళ్లీ మూడు రోజుల కాగితం అంటించండి. బిడ్డ ఆరు నెలలు పెరిగి ఉంటే కొక్కెం ఎత్తు, పడుకునే టైము, కార్డుల్లో పనులు మార్చాల్సి ఉంటుంది. పగటి నిద్ర మానే వయసు మూడు నుంచి ఐదేళ్ల మధ్య వస్తుంది. అప్పుడు సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా చిరాకు మొదలైతే రాత్రి ఒక నెలపాటు అరగంట తొందరగా పడుకోబెట్టి చూడండి.